లాటిన్ నేర్చుకుందాం – 3వ పాఠం: ‘కంటి’, ‘నోటి’, ‘చేతి’ తెలిసినవాళ్లకు షష్ఠీ విభక్తి

మొదటి పాఠంలో ఉచ్చారణ, రెండో పాఠంలో ఏకవచన బహువచనాలు చూశాం. ఇవాళ షష్ఠీ విభక్తి. ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, బోటనీ, లా చదివేవాళ్లు ఎవరైనా వచ్చి ‘మాకు టైము లేదు, లాటిన్‌లో ఒక్క విభక్తే నేర్పండి’ అంటే నేను దీన్నే నేర్పుతాను. మీ పుస్తకాల్లో భయపెట్టే పొడుగాటి పేర్లు చాలావరకు ‘ఫలానా దాని ఫలానా’ అనే పద్ధతిలో కట్టినవే. అందులో ‘ఫలానా దాని’ అనే ముక్క షష్ఠి.

ముందు మన తెలుగు సంగతి చూద్దాం. బళ్లో షష్ఠి అంటే ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని బట్టీ పట్టాం. ఇంట్లో మాత్రం ‘కన్ను యొక్క రెప్ప’ అని ఎవరూ అనరు. కంటి రెప్ప, పంటి నొప్పి, నోటి పూత, చేతి గోరు, కాలి మడమ, ఇంటి తాళం అంటాం. కన్ను ‘కంటి’ అయింది, నోరు ‘నోటి’ అయింది, చెయ్యి ‘చేతి’ అయింది. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు. విడిగా ‘యొక్క’ తగిలించకుండా, పదం చివర మారిపోయి ఆ పని చేసేస్తుంది. లాటిన్ షష్ఠి చేసేది కూడా అదే. ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్లకు ‘రామః, రామస్య’ గుర్తుండే ఉంటుంది, అది కూడా ఇదే దారి.

ఇంకో పోలిక కూడా ఉంది. ఊరు ‘ఊరి’ అవుతుంది, ఏరు మాత్రం ‘ఏటి’ అవుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ముగుస్తాయి, కానీ ఏది ఎలా మారుతుందో ముందుగా చెప్పలేం, తెలిసుండాలి. లాటిన్‌లోనూ ఇదే ఇబ్బంది. అందుకే లాటిన్ నిఘంటువులు ప్రతి నామవాచకం పక్కన దాని షష్ఠీ రూపాన్ని కూడా ఇస్తాయి. పదం నేర్చుకునేటప్పుడు ఆ జంటనే నేర్చుకోండి. ‘కొర్, కొర్దిస్’ అంటే గుండె, గుండె యొక్క. ‘ఫెముర్, ఫెమొరిస్’ అంటే తొడ, తొడ యొక్క. ఒక్క ‘ఫెముర్’ నేర్చుకుని ఊరుకుంటే ‘ఫెమొరిస్’ కనబడినప్పుడు గుర్తుపట్టలేరు.

జంటగా నేర్చుకోకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. లాటిన్‌లో ‘ఒస్’ అంటే ఎముక, ‘ఓస్’ అంటే నోరు. రోమన్ లిపిలో రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే. మన లిపిలో ఒ, ఓ వేరుగా ఉన్నాయి కాబట్టి రాస్తేనే తేడా తెలిసిపోతోంది, ఈ సౌకర్యం ఇంగ్లిష్ లిపికి లేదు. షష్ఠిలోకి వెళ్తే మాత్రం ఏ లిపిలోనైనా గందరగోళం ఉండదు. ఎముకకు ‘ఒస్సిస్’, నోటికి ‘ఓరిస్’. డాక్టరు చీటీ మీద కనిపించే పీ.ఓ. అంటే ‘పెర్ ఓస్’, నోటి ద్వారా అని. అక్కడ ఉన్నది నోరు, ఎముక కాదు.

ఇక రూపాలు. లాటిన్ నామవాచకాలు ఐదు వర్గాలు, మనకు ఇప్పటికి మూడు చాలు. ‘అ’తో ముగిసేవి మొదటి వర్గం. వాటికి షష్ఠి ఏకవచనంలో చివర ‘ఐ’, బహువచనంలో ‘ఆరుం’ వస్తాయి. ఆల అంటే రెక్క, ఆలై అంటే రెక్క యొక్క, ఆలారుం అంటే రెక్కల యొక్క. ‘ఉస్’, ‘ఉం’ చివర ఉన్నవి చాలావరకు రెండో వర్గం. వాటికి ఏకవచనంలో ‘ఈ’, బహువచనంలో ‘ఓరుం’. దిగితుస్ అంటే వేలు, దిగితీ అంటే వేలి, దిగితోరుం అంటే వేళ్ల. మూడో వర్గం పెద్దది, ఏటి–ఊరి పేచీ అంతా అక్కడే. ఏకవచనంలో చివర ‘ఇస్’, బహువచనంలో ‘ఉం’ వస్తాయి, మధ్యలో పదం ఎలాగైనా మారొచ్చు. పేస్, పెదిస్ అంటే పాదం, పాదపు. పొల్లెక్స్, పొల్లికిస్ అంటే చేతి బొటనవేలు, బొటనవేలి. నాలుగో వర్గంలో ప్రస్తుతానికి ‘మనుస్, మనూస్’ ఒక్కటి గుర్తుంచుకోండి, చెయ్యి, చేతి.

ఇక్కడ ఒక హెచ్చరిక. క్లాసులో, కోర్టులో వినపడేది ఇంగ్లిష్ వాళ్ల ఉచ్చారణ. స్పెల్లింగ్‌లో పదం చివర ‘ఐ’ (i) అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటే లాటిన్‌లో దాన్ని ‘ఈ’ అని పలకాలి, ఇంగ్లిష్ వాళ్లు ‘ఐ’ అంటారు. చివర ‘ఏ, ఈ’ (ae) అనే రెండక్షరాలు కలిసి ఉంటే లాటిన్‌లో ‘ఐ’ అని పలకాలి, ఇంగ్లిష్ వాళ్లు ‘ఈ’ అంటారు. సరిగ్గా తిరగేశారన్నమాట. లెక్చరర్ ‘డిజిటై’ అంటే మన ‘దిగితీ’. లాయరు ‘అమికస్ క్యూరీ’ అంటే మన ‘అమీకుస్ కూరియై’. క్లాసులో అందరూ పలికినట్టే పలకండి, మనసులో మాత్రం స్పెల్లింగ్ ఉండాలి. ఇక నుంచి వాడుకలో ఉన్న పేర్లను వాడుక ఉచ్చారణతోనే రాస్తాను.

ఇప్పుడు అసలు పని. ముఖంలో ముక్కు పక్కగా దిగే చిన్న కండరం ఒకటుంది. పేరు మాత్రం చాంతాడంత: లివేటర్ లేబియై సుపీరియోరిస్ అలీక్వీ నేసై. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో దీన్ని మంత్రంలా జపించి అప్పజెప్పేవాళ్లే ఎక్కువ. మనం విడదీద్దాం. లివేటర్, లేపేది. లేబియై, ‘లబియుం’ అంటే పెదవి, దాని షష్ఠి. సుపీరియోరిస్, పై. అలీ, ఇందాక చూసిన ‘ఆల’కు షష్ఠి, రెక్క యొక్క. దాని వెనక అంటుకున్న ‘క్వీ’ సంస్కృతంలో ‘చ’ లాంటిది, ‘రామో లక్ష్మణశ్చ’లో లాగా పదం తర్వాతే వస్తుంది. నేసై, ‘నాసుస్’ అంటే ముక్కు, దాని షష్ఠి. నాసిక తెలిసినవాళ్లకు ఇది పరాయి మాట కాదు.

ఇప్పుడు ఈ పేరును చివర నుంచి మొదటికి చదవండి: ముక్కు – రెక్కనూ – పై – పెదవినీ – లేపేది. అచ్చ తెలుగు వాక్యం వచ్చేసింది, ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. లాటిన్ ఇలాంటి పేర్లలో ప్రధాన పదాన్ని ముందు పెడుతుంది, తెలుగు చివర పెడుతుంది. ఇంగ్లిష్‌లో అనువదించుకుని మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవడం కన్నా ఇది ఎంతో దగ్గరి దారి. ఇక ఈ కండరం ఏం చేస్తుందో విడిగా బట్టీ పట్టే పనేముంది? పేరే చెబుతోంది కదా: పై పెదవి లేస్తుంది, ముక్కుపుటం విచ్చుకుంటుంది.

ఈ చివర నుంచి చదివే కిటుకు విశేషణాల దగ్గర జాగ్రత్తగా వాడాలి. ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్ తీసుకోండి. వంచేది, వేళ్ల, లోతైన. లోతైనవి వేళ్లా, కండరమా? ప్రొఫండస్ చివర ‘ఉస్’ ఉంది, అంటే అది ప్రథమా విభక్తిలో ఉంది. ప్రథమలో ఉన్న మరో పదం ఫ్లెక్సర్. కాబట్టి లోతున ఉన్నది కండరం. అబ్‌డక్టర్ డిజిటై మినిమై చూడండి. ఇక్కడ మినిమై షష్ఠిలో ఉంది, డిజిటై కూడా షష్ఠే. కాబట్టి అతి చిన్నది కండరం కాదు, వేలు. చిటికెన వేలిని పక్కకు జరిపేది అని అర్థం. ఫ్లెక్సర్ పాలిసిస్ లాంగస్‌లో పొడుగైనది బొటనవేలు కాదు, దాన్ని వంచే కండరం. విశేషణం తన నామవాచకం ఏ విభక్తిలో ఉంటే ఆ విభక్తిలోనే ఉంటుందన్న ఒక్క సూత్రం పట్టుకుంటే ఇవన్నీ వాటంతటవే విడిపోతాయి. సుపీరియోరిస్, లేబియై చూడ్డానికి ఒకేలా ముగియలేదు కదా అనుకోవచ్చు. వర్గాలు వేరు, విభక్తి ఒకటే.

ఏకవచన బహువచనాల వల్ల కూడా పని జరుగుతుంది. డిజిటై అని ఉంటే ఆ కండరం ఒక్క వేలికే పోతుంది. డిజిటోరమ్ అని ఉంటే చాలా వేళ్లకు పంచుతుంది. పాలిసిస్ అని ఉంటే చేతి బొటనవేలు, హాలూసిస్ అని ఉంటే కాలి బొటనవేలు. తెలుగులో రెంటికీ బొటనవేలే, లాటిన్‌లో పేరు వింటూనే చెయ్యో కాలో తెలిసిపోతుంది.

ఉద్యోగంలో ఇది ఎక్కడ అక్కరకొస్తుంది అని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది మెడికల్ కోడింగ్, అంటే రోగుల రిపోర్టులు చదివి జబ్బులకు, చికిత్సలకు కోడ్లు వేసే పని. హైదరాబాదులో బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు చాలామంది ఈ పనిలో ఉన్నారు. అమెరికా వాడే ఐసీడీ-10 కోడ్లలో బొటనవేలిని వంచే పొడవు కండరానికి తగిలిన గాయం కోడ్ వేరు, మిగతా వేళ్లను వంచే కండరాలకు తగిలిన గాయం కోడ్ వేరు. రిపోర్టులో పాలిసిస్ అని ఉందా, డిజిటోరమ్ అని ఉందా అన్నది ఒక్క చూపులో అందాలి. ప్రతిసారీ గూగుల్ చేసుకుంటూ కూర్చుంటే రోజు టార్గెట్ పూర్తి కాదు.

ఇక మందుల చీటీ. హెచ్.ఎస్. అంటే హోరా సొమ్నీ. సొమ్నుస్ అంటే నిద్ర, సొమ్నీ దాని షష్ఠి. నిద్ర వేళకు అని. ఎస్.ఓ.ఎస్. అంటే ‘సీ ఒపుస్ సిత్’, అవసరమైతేనే వేసుకోమని. ఇందులో షష్ఠి లేదు గానీ, ప్రమాదంలో పంపే సంకేతం అనుకుని ఇంట్లో వాళ్లు కంగారు పడకుండా ఫార్మసిస్టు విడమర్చి చెప్పగలగాలి. ఓ.డి. దగ్గర మరీ జాగ్రత్త. మన దగ్గర రోజుకోసారి అనే అర్థంలో రాస్తారు. కంటి డాక్టర్ల భాషలో అదే ఓ.డి. అంటే ‘ఓకులుస్ దెక్స్‌తెర్’, కుడి కన్ను.

లా విద్యార్థులకు అమికస్ క్యూరీ రోజూ కనిపించే మాట, న్యాయసభకు మిత్రుడు. ఇద్దరు ముగ్గురు ఉంటే అమిసై క్యూరీ అవుతుంది. మిత్రులే పెరిగారు, కోర్టు ఒక్కటే, కాబట్టి క్యూరీ మారదు. లోకస్ స్టాండై అంటే నిలబడే చోటు, రేషియో డెసిడెండై అంటే తీర్పు చెప్పడానికి ఆధారమైన కారణం. రెండింటిలోనూ చివరి మాట షష్ఠే, క్రియ నుంచి పుట్టిన షష్ఠి. మెన్స్ రియా మాత్రం షష్ఠి కాదు. ‘రెయ’ అక్కడ విశేషణం, దోషంతో కూడిన మనసు అని. మెన్స్ స్త్రీలింగం కాబట్టి ‘రెయ’, ఆక్టస్ (చేసిన పని) పుంలింగం కాబట్టి అక్కడ ‘రెయుస్’. అందుకే ఆక్టస్ రియస్, మెన్స్ రియా అని రెండు రకాలుగా కనిపిస్తాయి.

బోటనీ వాళ్లకు ఒక మొక్క చాలు. శేషాచలం కొండల్లో పెరిగే సైకస్ బెడ్డోమీ పేరులో రెండో మాట షష్ఠి, బెడ్డోమ్ యొక్క అని. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ పేరు అది. మగవాళ్ల పేరు పెడితే చివర మన ‘ఈ’, ఆడవాళ్ల పేరు పెడితే ‘ఐ’ వస్తాయి. 1935 నుంచి 2011 చివరి దాకా కొత్త మొక్కకు పెట్టిన పేరు చెల్లాలంటే దాని వర్ణన లాటిన్‌లో రాయాల్సిందే. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్‌లో రాసినా సరిపోతుంది. పేరు మాత్రం నేటికీ లాటిన్ పద్ధతిలోనే పెట్టాలి.

లాటిన్ వస్తే ర్యాంకు వస్తుందని, ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. నీట్‌లో లాటిన్ పేపరు లేదు, ఎంబీబీఎస్‌లోనూ లేదు. సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేవాళ్లకు దీనివల్ల ఒరిగేది తక్కువే. వైద్యం, చట్టం, జీవశాస్త్రం వైపు వెళ్లే పిల్లల సంగతి వేరు. వాళ్లు ఎలాగూ వేల పేర్లు నేర్చుకోవాలి. అర్థం తెలియకుండా నేర్చుకుంటే పరీక్ష అయిన వారానికే సగం జారిపోతాయి, వైవా అంటేనే టెన్షన్. అర్థం తెలిసి నేర్చుకున్న పిల్లలు కొత్త పేరు ఎదురైనా తడబడకుండా విప్పుకోగలరు. తెలుగు మీడియం నుంచి వచ్చామని వెనకడుగు వేసే పిల్లల కోసమే ఈ పాఠాలు రాయాలనుకున్నాను. ఈ విషయంలో మీ చేతిలో ఉన్న భాష మీకు అడ్డం కాదు, బలం.

ఈ పాఠంతో మీరు చదవగలిగేవి చూడండి. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ మీద వేసిన పుస్తకం పేరులో ‘దే మోతూ కొర్దిస్ ఎత్ సంగ్వినిస్’ అని ఉంది. ‘దే మోతూ’ అంటే కదలిక గురించి, ‘ఎత్’ అంటే మరియు. మిగతా రెండూ షష్ఠులే, గుండెదీ రక్తానిదీ. వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో వేసిన పుస్తకం ‘స్పెకియేస్ ప్లంతారుం’, మొక్కల జాతులు.

అభ్యాసం:

1. రెక్టస్ ఫెమొరిస్, రెక్టస్ అబ్డామినిస్. రెక్టస్ అంటే తిన్నటి. ఏది ఎక్కడ ఉంటుంది?

2. బైసెప్స్ బ్రాకియై, బైసెప్స్ ఫెమొరిస్. బ్రాకియుం అంటే పై చెయ్యి. రెండు కండరాలకూ తేడా చెప్పండి.

3. లివేటర్ స్కాప్యులీ. చివర ‘ఈ’ వినిపిస్తోంది. స్పెల్లింగ్‌లో చివర ఏ అక్షరాలుంటాయి? ఏ వర్గం?

4. ఎక్స్‌టెన్సర్ హాలూసిస్ లాంగస్. ఎక్స్‌టెన్సర్ అంటే చాపేది. చేతిలోదా, కాలిలోదా? పొడుగైనది ఏది?

5. ఎక్స్‌టెన్సర్ డిజిటోరమ్, ఎక్స్‌టెన్సర్ డిజిటై మినిమై. ఎన్నెన్ని వేళ్లు?

గత పాఠం జవాబులు: లార్వాకు బహువచనం లార్వీ, స్టిములస్‌కు స్టిములై, ఓవమ్‌కు ఓవా. మొదటి రెండూ చూడ్డానికి ఇవాళ్టి షష్ఠీ రూపాల్లాగే ఉన్నాయని గమనించే ఉంటారు. ఆ రెండు వర్గాల్లో ‘అ’తో, ‘ఉస్’తో ముగిసే పదాలకు ప్రథమా బహువచనం, షష్ఠీ ఏకవచనం ఒకేలా ఉంటాయి. ఏది ఏదో పదం ఉన్న చోటును బట్టి తేల్చుకోవాలి. అమిసై క్యూరీలో మొదటిది బహువచనం, రెండోది షష్ఠి. ఇలాంటివే మరికొన్ని నాలుగో పాఠంలో విడదీద్దాం, ‘పెర్’, ‘దే’ లాంటి మాటల తర్వాత ఏ విభక్తి వస్తుందో కూడా అప్పుడే.