వంకర బండతో కూడా సందు రాకుండా నేల పరిచేది ఎట్లంటే

తాడిపత్రి పక్క బండల పాలిష్ మిషన్ల కాడ వంకర ముక్కలు కుప్పలుగా పడుంటాయి, చదరంగా లేదు కదా పనికిరాదు అనుకుంటాం. అది తప్పు. నాలుగు మూలలుంటే చాలు, ఎంత వంకరైనా సరే, ఒక మూల లోపలికి నొక్కుకుపోయినా సరే, అన్నీ అదే కొలతకి కోసుకుంటే నేలంతా సందు లేకుండా పరవొచ్చు.

ముందు అట్టతో చేసి చూడండి. పాత పెళ్లికార్డు మీద ఇష్టమొచ్చినట్టు నాలుగు గీతలు గీసి కత్తిరించి మూలలకి 1, 2, 3, 4 అని రాసుకోండి, దాన్ని పేపర్ మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, ఒక అంచుకి సరిగ్గా మధ్యలో గుండుసూది గుచ్చి అట్టని సగం చుట్టు తిప్పండి, అదే అంచుకి అవతల పక్క అతుక్కొని కూచుంటాది. మళ్లీ గీయండి. అన్ని అంచులకీ ఇట్లే చేస్తా పోతే ఒక్కో చోట 1, 2, 3, 4 నాలుగూ వచ్చి కలుస్తాయి, నాలుగు మూలల మొత్తం ఎప్పుడూ 360 డిగ్రీలే కాబట్టి సందు మిగలదు. ఇందులో నాకు బాగా నచ్చేది, ఎక్కడా అట్టని బోర్లించే పని లేదు, మన బండకి పాలిష్ ఒక పక్కే ఉంటాది కదా!

మూడు మూలలదైనా ఇదే పద్ధతి.

అంచులన్నీ, మూలలన్నీ సమానంగా ఉండేవాటిలో అయితే మూడు, నాలుగు, ఆరు మూలలవి మాత్రమే ఒంటరిగా సరిపోతాయి. ఐదు మూలలదానికి ఒక్కో మూల 108, మూడు పెడితే 324, ఇంకా 36 డిగ్రీల సందు. ఎనిమిది మూలలవి రెండు కలిస్తే 270, మిగిలిన 90లో చిన్న కడప నల్లబండ చదరం పెట్టండి, ఎంత బాగుంటాదో.

అంచులూ మూలలూ అన్నీ సమానం కాకుండా, ఏ మూలా లోపలికి నొక్కుకుపోకుండా ఉండే ఐదు మూలలవాటిలో 15 రకాలు సరిపోతాయి, వాటిలో నాలుగు మార్జొరీ రైస్ అనే అమెరికా ఇల్లాలు 1970ల్లో వంటింటి గట్టు మీద బొమ్మలు గీసుకుంటా కనుక్కునింది.

కోసేటప్పుడు సిమెంట్‌కి 2 మిల్లీమీటర్లు వదలాలంటే ప్రతి అంచు దగ్గరా 1 మిల్లీమీటర్ తగ్గించి కోయించండి. గోడల పక్క ముక్కలు ఎట్లాగూ కోయాల్సిందే, అందుకే గది మధ్యలో నుంచి మొదలుపెట్టండి.