ఆఫీసులో సెక్యూరిటీ బాధ్యత మీ మీద పడిందా? ముందు ఇవి చేయండి

చిన్న కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాళ్లనే పిలిచి "ఇకనుంచి సెక్యూరిటీ కూడా నువ్వే చూసుకో" అంటారు. అలా బాధ్యత మీద పడినవాళ్ల కోసం రాస్తున్నాను.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనమని అప్పుడే అడగకండి. ఎవరి వివరాలు ఎక్కడున్నాయో ముందు రాసుకోండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు ఏ డేటాబేసులో ఉన్నాయి, జీతాల ఎక్సెల్ షీటు ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉంది, ఉద్యోగంలో చేరేటప్పుడు వాట్సాప్‌లో పంపించుకున్న ఆధార్, పాన్ ఫొటోలు ఇంకా ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయి? వెతికితే మీకే ఆశ్చర్యం వేస్తుంది. అక్కర్లేనివన్నీ తీసేయించండి. మెయిల్‌కి, బ్యాంకు లాగిన్‌కి రెండంచెల తనిఖీ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడగడం) పెట్టండి, మానేసినవాళ్ల అకౌంట్లు అదే రోజు మూసేయండి.

ఇక అసలు సంగతి, గడియారం. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం హ్యాకింగ్, డేటా లీక్ లాంటివి గమనించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు, అంటే సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచి ఉంచాలి. 6 గంటలంటే చాలా తక్కువ, అందులోనూ విషయం ఆదివారం రాత్రి బయటపడితే ఎండీ ఫోన్ ఎత్తేసరికే సగం అయిపోతుంది. అందుకే ఒక కాగితం ప్రింట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ టైంకి మెయిలే పనిచేయకపోవచ్చు. ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లు దొరక్కపోతే ఇంకెవరు, సర్వర్ ఆపమని చెప్పే అధికారం ఎవరిది, సెర్ట్-ఇన్‌కి ఎవరు రాయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలని కూడా రాయండి.

కాగితం ఉన్నా, మనుషులు చెప్పకపోతే లాభం లేదు. దొంగ లింకు నొక్కిన అకౌంటెంట్ తిట్లకు భయపడి రెండు రోజులు నోరు విప్పకపోతే, ఆ రెండు రోజులూ దొంగ మీ ఇన్‌బాక్స్ తీరిగ్గా చదువుకుంటూనే ఉంటాడు. కాబట్టి ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు మీ నోటి నుంచి మొదట రావాల్సిన మాట "చెప్పి మంచి పని చేశావు" అనే. నా దృష్టిలో ఈ పనిలో నాయకత్వం అంటే ఇదే, సర్టిఫికెట్లు ఆ తర్వాతే.

పైవాళ్లు "బయటికి పొక్కనివ్వొద్దు" అంటే ఒప్పుకోకండి. ఊబర్‌లో 2016లో 5.7 కోట్ల మంది వివరాలు పోతే, హ్యాకర్లకు లక్ష డాలర్లు ఇచ్చి విషయం దాచినందుకు అప్పటి సెక్యూరిటీ అధిపతి జో సల్లివన్‌ని 2022లో అమెరికా కోర్టు దోషిగా తేల్చింది. హ్యాక్ అయినందుకు కాదు, దాచినందుకు. మన 2023 డేటా రక్షణ చట్టంలో కూడా సరైన భద్రత పెట్టకపోతే 250 కోట్ల రూపాయల వరకు, లీక్ సంగతి ప్రభుత్వ డేటా రక్షణ బోర్డుకీ బాధితులకీ చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా రాశారు. ఈ రెండు అంకెలూ ఎండీ ముందు పెట్టండి, బడ్జెట్ మాట అప్పుడు ఎత్తండి.

మూడు నెలలకోసారి ఉత్తుత్తి పరీక్ష పెట్టండి. "జీతాల షీటు బయటికి పోయింది" అని చెప్పి, ఆ కాగితం మీదున్న నంబర్లకు నిజంగానే ఫోన్లు చేయించి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఎత్తని నంబర్ ఉంటే ఆ సాయంత్రమే మార్చండి.