పెరట్లో వర్క్‌షాప్ షెడ్డుకు ఏ రేకు వెయ్యాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడ, గుంటూరుల్లో ఆ ఎండకు రేకుల కింద నిలబడి పనిచెయ్యాలంటే కప్పును ఆషామాషీగా ఎంచుకోకూడదు. దానికి తోడు తుపాను గాలి. భవనాలు తట్టుకోవాల్సిన బరువులు, గాలి ఒత్తిడి గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విజయవాడకు లెక్కలోకి తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు.

షెడ్డులో ఏం పని చేస్తారో ముందు తేల్చుకోండి. వడ్రంగం, మోటారు వైండింగ్ లాంటివైతే 50 మి.మీ. మందం పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక) మేలు. వేడి అంతగా దిగదు, వాన చప్పుడూ తక్కువ. వెల్డింగ్, గ్రైండింగ్ ఉంటే మాత్రం వద్దు. లోపలి ఫోమ్‌కు నిప్పంటుకుంటుంది. అలాంటి చోట 0.5 మి.మీ. మందం కలర్ కోటెడ్ రేకు (రంగు పూత వేసిన ఇనప రేకు) వెయ్యండి, అదీ తెలుపో లేత రంగో. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకు చవకే, కానీ కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పైన కొబ్బరి మట్ట పడితే పగులుతుంది కూడా.

10×12 అడుగుల షెడ్డుకు కలర్ కోటెడ్ రేకు లెక్క ఇదీ: వాలు 10 అడుగుల వైపు, అడుగు ఎత్తు తేడాతో. ముందూ వెనకా అడుగు చొప్పున చూరు కలిపి 12 అడుగుల రేకులు, మూడున్నర అడుగుల వెడల్పువి నాలుగు. పొడవులో అతుకు రాకుండా ఒకే ముక్కగా కోయించండి. అడ్డంగా 50×50×2 మి.మీ. పైపులు నాలుగు, వాటి కింద మధ్యలో 4×2 అంగుళాల పైపు ఒకటి. 55 మి.మీ. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (బెజ్జం తామే వేసుకుని దిగేవి) వంద. పక్క అతుకు నోరు జల్లు కొట్టే దిక్కుకు ఉండకూడదు.

స్క్రూ రేకు మిట్ట మీద పడాలి, పల్లంలో కాదు. రబ్బరు వాషరు అంచు దాకా వస్తే ఆపెయ్యండి. పక్కలకు పొంగిందంటే బిగువు ఎక్కువైనట్టే, ఎండకు త్వరగా చిట్లి అక్కడే కారుతుంది. బెజ్జాల దగ్గర రాలిన ఇనప రజను ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్చెయ్యండి. మంచుకు తడిస్తే తుప్పు చుక్కలై రేకు రంగును తినేస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు గోడ దగ్గర. పైపును ఇటుకల మధ్య పెట్టి మాలు పూసి వదిలేస్తారు. పెద్ద గాలికి స్క్రూలు ఊడవు, పైపులతో సహా కప్పే లేచిపోతుంది. గోడ పైన కాంక్రీటు బెల్టు పోసి, పైపు కూర్చునే ప్రతి చోటా ప్లేటు పెట్టి 12 మి.మీ. యాంకర్ బోల్టులతో బిగించి, పైపును దానికి వెల్డింగ్ చేయించండి. రేకులు ఆ తర్వాతే పైకెక్కించాలి.