రామప్ప గుడిని మేస్త్రీ కంటితో చూడాలంటే

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పులు విప్పి, మెట్లెక్కి, ముందు మదనికల దగ్గర, అంటే చూరు కింద నిలిపిన నల్లరాతి స్త్రీ శిల్పాల దగ్గర, ఫోటోలు దిగుతారు. గర్భగుడిలో దండం పెట్టుకుని, గైడు చెప్పింది విని, అరగంటలో బయటికి వస్తారు. శిల్పాల గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. నేను చెప్పబోయేది కట్టడాన్ని చూసే పద్ధతి. ముప్పై ఏళ్లుగా హనుమకొండ, ములుగు మధ్య ఇళ్లు కడుతున్నవాణ్ని. ఏ కట్టడం ముందు నిలబడ్డా నా చూపు ముందు బరువు మీదికి పోతుంది. ఈ రాయి దేని మీద ఆనింది, ఆ బరువు ఎటు దిగింది? రామప్పను అలా చూడటం మొదలుపెడితే ఒక పూట చాలదు.

నాకీ చూపు వచ్చింది ఒక తప్పు వల్ల. పని నేర్చిన కొత్తలో నల్లరేగడి భూమిలో ఒక రెండు గదుల ఇల్లు కట్టాను. వానాకాలం బాగానే గడిచింది. ఎండాకాలం వచ్చేసరికి కిటికీ మూల నుంచి వేలు దూరేంత పగులు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, పైనున్న గోడను అటూ ఇటూ గుంజుతుంది. నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ వచ్చి చూసి, "గోడను తిట్టుకోకు బిడ్డా, కింద ఇసుక నింపాల్సింది. ఇసుక ఉబ్బదు. రామప్పకు పోయి చూసిరా" అన్నారు. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిన గుడికి ఆ ఆదివారం మొదటిసారి వెళ్లినట్టు వెళ్లాను.

మీరూ పొద్దున్నే వెళ్లండి. గుడి తూర్పు ముఖం, కాబట్టి ఉదయపు వెలుగు నేరుగా మండపంలోకి వస్తుంది. పొద్దెక్కితే ఆవరణలో రాళ్లు కాలుతాయి, ఉత్త కాళ్లతో నిలబడలేరు. హనుమకొండ నుంచి ములుగు మీదుగా డెబ్బై కిలోమీటర్ల లోపే. చిన్న టార్చిలైటు, నీళ్ల సీసా, వీలైతే ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లండి. పిల్లలుంటే వాళ్ల చేత ఒక్క స్తంభమైనా గీయించండి. ఫోటో తీసినవాడికన్నా బొమ్మ గీసినవాడికి ఎక్కువ కనిపిస్తుంది.

గుడికంటే ముందు చెరువు కట్ట ఎక్కండి. కాకతీయులు ఊరు, గుడి, చెరువు కలిపి ఆలోచించారు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు, ఈ చెరువూ ఆయన తవ్వించిందే. ఆవరణలో ఒక చిన్న మండపంలో శాసనం ఉంది. శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213. దేవుడి పేరు రుద్రేశ్వరుడు. జనం నోట నిలిచింది మాత్రం శిల్పి పేరు, రామప్ప. పని 1213లో మొదలై దాదాపు నలభై ఏళ్లు సాగిందని యునెస్కో రాసింది. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. మొదటి రోజు ఉలి పట్టిన కుర్రవాడు పని ముగిసేనాటికి తాత అయి ఉంటాడని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు గుడి దగ్గరికి రండి. వెంటనే మెట్లెక్కకండి. గుడిని ఇల్లు కట్టే వరుసలోనే, కింది నుంచి పైకి చూడాలి. ముందు అరుగు. ఇంచుమించు ఆరడుగుల ఎత్తు, చుట్టూ ప్రదక్షిణకు సరిపడా వెడల్పు. దీని కింద లోతుగా గొయ్యి తవ్వి ఇసుక నింపి, దాని మీద రాతి పని మొదలుపెట్టారు. ఇసుక మీద ఇల్లు నిలుస్తుందా అని అడుగుతారు. వదులుగా పోస్తే నిలవదు. నాలుగు వైపులా కదలకుండా బంధిస్తే ఇసుక జారడానికి చోటు ఉండదు, మీద పడ్డ బరువును అంతటా పంచుతుంది. నేల కదిలితే ఆ కుదుపులో కొంత తాను తీసుకుంటుంది. మా పెద్ద మేస్త్రీ చెప్పింది ఇదే.

అరుగెక్కి ఒకసారి చుట్టూ తిరగండి. రాళ్ల మధ్య అతుకులు చూడండి. సున్నం కనిపించదు, రాయి మీద రాయి నేరుగా కూర్చుంటుంది. ఎక్కడైనా సిమెంటు కనిపిస్తే అది తర్వాతి కాలపు మరమ్మతు. గోడ అడుగున చెక్కిన ఏనుగుల వరుస దగ్గర ఆగి పక్కపక్కన ఉన్న రెండింటిని పోల్చండి. తొండం తిప్పిన తీరు, కాలు ఎత్తిన తీరు గమనించండి.

తూర్పు ద్వారం దగ్గర ఒక పరీక్ష చేయండి. గుడి ఒంటికి వాడింది ఎర్రటి ఇసుకరాయి, మదనికలకూ లోపలి చెక్కడపు స్తంభాలకూ వాడింది నల్లటి డోలరైటు రాయి. ఇసుకరాయి అంచులు ఎండకు, వానకు అరిగి మెత్తబడ్డాయి. నల్లరాయి అంచు నిన్న చెక్కినట్టు ఉంటుంది. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, ఏటవాలుగా వేయండి. హారంలోని పూసలు ఒక్కొక్కటీ నీడ వేస్తూ లేచి వస్తాయి. తూర్పు, దక్షిణం, ఉత్తరం ద్వారాల దగ్గర మొత్తం పన్నెండు మంది మదనికలు ఉన్నారు. పైకి చూస్తే చూరును వాళ్లే మోస్తున్నట్టు ఉంటుంది. నా కంటికి మాత్రం అసలు బరువు దూలం మీదుగా స్తంభంలోకి దిగుతోంది. వాళ్లు ఆ బరువుకు అందమైన సాక్షులు.

లోపల రంగమండపంలో నాలుగు నల్లరాతి స్తంభాల మధ్య నిలబడి తల ఎత్తండి. మేస్త్రీకి ఇదే గుండెకాయ. రాయిని నొక్కితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది, వంచితే మాత్రం విరుగుతుంది. మన స్లాబులో ఆ వంపును ఇనుము మోస్తుంది. వాళ్లకు దూలంలో ఇనుము లేదు. అందుకే స్తంభాలు దగ్గర దగ్గరగా పెట్టారు. పైన మూలలకు అడ్డంగా రాళ్లు పెట్టుకుంటూ చదరాన్ని చిన్నది చేసి, మిగిలిన ఖాళీని మూశారు. హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూసినా ఇదే లెక్క. అది 1163 నాటిది, రామప్పకు యాభై ఏళ్లు పెద్ద. ముందు అది చూసి వస్తే ఇక్కడ పని ఎంత ముదిరిందో తెలుస్తుంది. కొన్ని దూలాలకు పగుళ్లున్నాయి, నేల కొన్నిచోట్ల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. వాటినీ చూడండి. విరిగిన దూలం మీద కూడా కప్పు ఎందుకు నిలిచిందో ఆలోచించండి.

గర్భగుడి వైపు ద్వారం పక్కన వేణువూదే కృష్ణుడు ఉంటాడు. తడితే స్వరాలు పలుకుతాయని ప్రతి ఒక్కరూ వేలు పెడతారు. దయచేసి మీరు పెట్టకండి. ఎనిమిది వందల ఏళ్ల చెక్కడానికి రోజూ వందల దెబ్బలు మంచివి కావు.

చివరగా పడమటి వైపుకు వెళ్లి, దూరంగా నిలబడి శిఖరం చూడండి. అది రాయి కాదు, నీటిలో తేలేంత తేలికైన ఇటుక. మట్టిలో కాలిపోయే సరుకు కలిపి కాలిస్తే అది పోయిన చోటల్లా సన్నని ఖాళీలు మిగిలి ఇటుక తేలికవుతుంది. ఊక కలిపి ఇటుక కాల్చేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఆ ఖాళీలు పెరిగినా ఇటుక చిట్లకుండా కాల్చడమే పనితనం. పైన బరువు తగ్గితే గోడకు భారం తగ్గుతుంది, కింద ఇసుకకూ తగ్గుతుంది. శిఖరం మీద ఇటుక పెట్టినవాడూ, గోతిలో ఇసుక పోసినవాడూ ఒకే లెక్క పట్టుకుని పని చేశారు. ఇది కళ్లకు కట్టిన రోజు నేను ఆ ఆవరణలో చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇంకా సమయం ఉంటే దగ్గరలోని ఘణపురం కోటగుళ్లకు వెళ్లండి. ఒకే ఆవరణలో ఇరవై రెండు గుళ్లు, ఎక్కువ భాగం శిథిలం. రామప్పలో మూసుకుపోయి కనిపించని వైపులు అక్కడ బయటపడి ఉంటాయి. రాయి రాయిలో కూర్చున్న గాడి, గోడ లోపలికి ఉండాల్సిన నునుపు చేయని వీపు తెలుస్తాయి. సాయంత్రం ఏటవాలు వెలుగులో ఆ వీపుల మీద ఉలి గీతలు ఇంకా కనిపిస్తాయి.