యాప్‌కి ఆర్కిటెక్చర్ ఎలా ఎంచుకోవాలి? భీమవరం రొయ్యల లెక్కతో చూద్దాం

భీమవరం చుట్టుపక్కల రొయ్యలు కొనేవాళ్లలో చాలామందికి ఇప్పుడు యాప్ కావాలి. చేసిపెట్టే కుర్రాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు, మొదటి మీటింగ్‌లోనే మైక్రోసర్వీసులు (ఒక్కో పనికి విడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు) అంటారు. కాస్త ఆగండి. ఆర్కిటెక్చర్ అంటే యాప్‌ని ఏ భాగాలుగా కట్టాలి, అవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి అన్న ప్లాను.

1. ముందు పనులు రాసుకోండి. పట్టుబడి రోజు (రొయ్యలు పట్టే రోజు) చెరువు గట్టు మీద కాటా వేసి బరువు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో) ఎక్కించాలి. అడ్వాన్సు పోను రైతుకి ఎంత ఇవ్వాలో తేల్చాలి. పొద్దున్నే రేట్లు పంపాలి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే అలారం కొట్టాలి. ఒక్కోదాని పక్కన, ఇది గంటసేపు ఆగితే ఏమవుతుందో రాయండి. రేట్లు ఆలస్యమైతే నాలుగు తిట్లతో పోతుంది, తెల్లవారుజామున అలారం మోగకపోతే చెరువే పోతుంది.

2. కోడు రాసేవాళ్లని లెక్కపెట్టండి. ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. ఒకే గదిలో కూర్చునే ముగ్గురు పది సర్వీసులు నడపబోతే, తప్పు ఎక్కడ జరిగిందో ఒక్కోదాని లాగ్ ఫైళ్లలో (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాల్లో) వెతుక్కోవడంతోనే పొద్దు పోతుంది.

3. చిన్న టీమ్ అయితే మోనోలిత్‌తోనే మొదలుపెట్టండి: ఒకే కోడ్‌బేస్, ఒకే డేటాబేస్, ఒకే డిప్లాయ్ (కొత్త వెర్షన్‌ని సర్వర్‌కి ఎక్కించడం). కానీ లోపల గోడలు కట్టాలి. కాటా, ఖాతా, రేట్లు వేర్వేరు మాడ్యూళ్లు, ఒకదాని టేబుళ్లలో ఇంకోటి చెయ్యి పెట్టకూడదు, కావలసింది అడిగి తీసుకోవాలి. దీన్నే మాడ్యులర్ మోనోలిత్ అంటారు, ఆన్‌లైన్ దుకాణాలు నడిపించే షాపిఫై అంత పెద్ద కంపెనీ కూడా ఈ దారే పట్టింది.

లాభం ఎక్కడ తెలుస్తుందంటే, కాటా ఎంట్రీ పడగానే రైతు ఖాతాలో సొమ్ము కూడా జమ కావాలి కదా, డేటాబేస్ ఒకటే అయితే ఒక ట్రాన్సాక్షన్‌లో రెండూ పడతాయి, లేదా రెండూ పడవు. అవే రెండు సర్వీసులు అయ్యాయనుకోండి, మధ్యలో నెట్‌వర్క్ తెగితే 800 కిలోలు ఎక్కేసి డబ్బు మాత్రం ఎక్కదు. ఆ తేడాని సరిచేసే కోడు మీరే రాయాలి, అందులో తప్పుంటే బయటపడేది రైతు గొడవకొచ్చిన రోజే.

4. సిగ్నల్ సంగతి చూడండి. నన్నడిగితే మోనోలితా, మైక్రోసర్వీసులా అన్నదానికన్నా ఇదే పెద్ద ప్రశ్న, విచిత్రంగా దీన్ని ఎవరూ అడగరు. గట్టు మీద సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకని ఎంట్రీ ముందు ఫోన్‌లోనే, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పడాలి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కి వెళ్లాలి. ప్రతి ఎంట్రీకి ఒక ప్రత్యేక ఐడీ ఫోనే ఇవ్వాలి. అప్పుడు వెళ్లిందో లేదో తెలియక యాప్ అదే ఎంట్రీని మళ్లీ పంపినా, ఐడీ అప్పటికే ఉందని చూసి సర్వర్ రెండోసారి లెక్కలో వేసుకోదు.

5. వేరు కాపురం పెట్టించాలంటే గట్టి కారణం ఉండాలి. ఇక్కడ అలారానికి ఉంది: సెన్సార్ రీడింగులు రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి, ఖాతాలకి కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా అది ఆగితే కుదరదు. దాన్ని వేరే సర్వీసుగా, సొంత డేటాతో బయటికి తీయండి. (అసలు చెరువు అలారం ఇంటర్నెట్‌నే నమ్ముకోకూడదు, గట్టు మీద సైరన్ కూడా ఉండాలి.) రేట్ల మెసేజ్ రోజుకి ఒకసారి పని, సర్వర్‌లెస్ (సర్వర్‌ని మనం చూసుకోకుండా, పిలిచినప్పుడే కోడు నడిచే పద్ధతి) సరిపోతుంది, అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో ఒక ఫంక్షన్ ఒక విడతకి 15 నిమిషాలకి మించి నడవదు, అంతే.

మిగతావి కదపకండి. ప్రైమ్ వీడియోలో ఒక టీమ్ వీడియో నాణ్యత పరిశీలించే సిస్టమ్‌ని ముందు ముక్కలుగా కట్టి, తర్వాత ఒకే ప్రాసెస్‌లోకి తెస్తే ఖర్చు 90 శాతం పైగా తగ్గిందని 2023లో వాళ్లే చెప్పారు. అందరికీ అంత తగ్గదు లెండి.

6. ఏది ఎంచుకున్నారో, ఎందుకో, ఏది వద్దనుకున్నారో ఒక పేజీ రాసి కోడుతోపాటే ఉంచండి. మళ్లీ ఎప్పుడు ఆలోచించాలో కూడా రాయండి. "టీమ్ పెరిగితే" అని రాస్తే ఎవరికీ పనికిరాదు, "ఒకరి డిప్లాయ్ కోసం ఇంకొకరు వారంలో రెండుసార్లు ఆగాల్సి వస్తే" అని రాయండి.