చైన్‌సా పదును, సంరక్షణ: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

చైన్‌సాకు పదును ఉందో లేదో తెలుసుకోవడానికి పంటిని వేలితో తడమవలసిన పని లేదు, దుంగను అడ్డకోత కోసినప్పుడు రాలిన పొట్టును చూస్తే చాలు. చిన్న చిన్న పేళ్ళుగా రాలితే పళ్ళు బాగున్నట్టు, పిండిలా రాలితే మొద్దుబారినట్టు. పదునైన చైన్ దాదాపు రంపం బరువుతోనే దుంగలోకి దిగుతుంది. ఒత్తి పట్టవలసి వస్తున్నా, కోత ఒక పక్కకు వంకర పోతున్నా, ఇంజను బలం తగ్గిందని నిర్ణయించుకునే ముందు పళ్ళను అనుమానించాలి. పుచ్చిన చెక్క ఎలాగూ పొడిగానే రాలుతుంది కనుక దానిని చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

పని మొదలుపెట్టే ముందు ఇంజను ఆపి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి. బ్యాటరీ రంపమైతే బ్యాటరీని బయటికి తీయాలి. కదలని చైన్ కూడా చేతిని కోస్తుంది కాబట్టి మందమైన గ్లవుజులు తప్పనిసరి. తరువాత చైన్‌కు పట్టిన జిగురును, ఆయిలును బ్రష్షుతో, గుడ్డతో శుభ్రం చేయాలి. అలా చేయకపోతే ఆకురాయి గాట్లు పూడిపోయి, అది లోహాన్ని అరగదీయకుండా జారిపోతూ ఉంటుంది.

గుండ్రని ఆకురాయి ఎంత లావు ఉండాలన్నది చైన్ పిచ్‌ను బట్టి ఉంటుంది. వరుసగా ఉన్న మూడు రివెట్లలో మొదటి దాని నడిమి నుంచి మూడవ దాని నడిమి వరకు కొలిచి, అందులో సగం తీసుకుంటే పిచ్ వస్తుంది. ఇళ్ళలో వాడే చిన్న రంపాలకు ఎక్కువగా ఉండే 3/8 అంగుళం లో ప్రొఫైల్ (తక్కువ ఎత్తు) చైన్‌కు సాధారణంగా 4 మి.మీ. ఆకురాయి, 0.325 అంగుళం చైన్‌కు 4.8 మి.మీ. ఆకురాయి సరిపోతాయి. రంపంతో వచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించాలి.

బార్‌ను, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలకను, వైస్‌లో బిగించి, పళ్ళు ఊగకుండా చైన్‌ను కొద్దిగా బిగువు చేసి, చైన్ బ్రేకు వేయాలి. అన్నిటికంటే పొట్టిగా అరిగిన పంటిని వెతికి, మార్కరుతో గుర్తు పెట్టి, దానితోనే మొదలుపెట్టాలి. మిగిలినవన్నీ దాని పొడవుకే రావాలి. ఆకురాయిని పంటి వంపులో ఆనించినప్పుడు దాని లావులో సుమారు అయిదో వంతు పంటి పైఅంచుకు ఎగువన కనబడాలి. చాలా చైన్లకు కోణం 30 డిగ్రీలు. అనేక రకాల చైన్లలో పంటి పైన వెనక భాగంలో ఆ వాలుకు ఒక గీత చెక్కి ఉంటుంది, ఆకురాయిని దానికి సమాంతరంగా పట్టుకుంటే చాలు. పంటి లోపలి వైపు నుంచి బయటికి తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే ఆకురాయి త్వరగా పాడవడం తప్ప ప్రయోజనం ఉండదు.

ఎన్నిసార్లు తోయాలన్నది పన్నే చెబుతుంది. మొద్దుబారిన అంచు వెలుతురుకు తిప్పి చూస్తే సన్నని తెల్లని గీతలా మెరుస్తుంది, పదునెక్కిన అంచు మీద ఆ మెరుపు కనబడదు. మామూలు అరుగుదలకు రెండు మూడు సార్లు తోస్తే చాలు. మేకుకో రాయికో తగిలి అంచు చితికితే ఆ గాయం పూర్తిగా పోయేదాకా అరగదీయాలి. సగంలో ఆపిన పన్ను కోయదు. ఒక వరుస పళ్ళన్నీ అయ్యాక రెండో వరుసకు రంపాన్ని తిప్పుకోవాలి. చేతివాటం వల్ల ఒక వైపు ఒత్తిడి ఎక్కువ పడడం సహజం, కోత వంకర పోవడానికి చాలాసార్లు అదే కారణం. అందుకే లెక్కపెట్టుకుంటూ తోయడంతో ఆగకుండా రెండు వైపుల పళ్ళ పొడవును కొలిచి చూడాలి.

అసలు ఎక్కువమంది మరిచిపోయేది డెప్త్ గేజ్‌ను. ప్రతి పంటికి ముందు గూనిలా లేచి ఉండే ఆ చిన్న దిమ్మ, పన్ను చెక్కలోకి ఎంత లోతు దిగాలో నిర్ణయిస్తుంది. పంటి పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కనుక అరగదీసిన కొద్దీ అంచు ఎత్తు తగ్గుతుంది, దిమ్మ మాత్రం అలాగే ఉండిపోతుంది. కొత్తలో నేను పళ్ళను అద్దంలా తీర్చిదిద్ది కూడా రంపం దుంగ మీద జారుతుంటే కారణం తెలియక తల పట్టుకున్నాను. తెలిశాక ఉత్సాహం కొద్దీ దిమ్మలను మరీ తగ్గించాను; రంపం చెక్కను పట్టేసి చేతుల్లో ఎగిరింది, ఆ చైన్ మళ్ళీ పనికి రాలేదు. చాలా చైన్లకు పంటి అంచుకూ దిమ్మకూ మధ్య ఎత్తు తేడా 0.65 మి.మీ. దగ్గర ఉండాలి. మూడు నాలుగు సార్లు పదును పెట్టాక ఆ తేడాను కొలిచే గేజ్ పలక ఆనించి చూసి, పైకి పొడుచుకు వచ్చినంత మేరకే చదును ఆకురాయితో తీసి, ముందు మూలను తిరిగి గుండ్రంగా చేయాలి.

చైన్ తీసినప్పుడు బార్ గాడిలో పేరుకున్న ముద్దను గీకి, ఆయిలు రంధ్రాన్ని తెరిచి, అంచుల మీద వేలికి తగిలే గరుకును చదును ఆకురాయితో తీసి, అరుగుదల రెండు వైపులా సమంగా ఉండేలా బార్‌ను తలకిందులు చేసి బిగించాలి. బార్ కొనను పైకెత్తి పట్టుకుని బిగువు సరిచేయాలి: చైన్ బార్ అడుగు అంచును తాకుతూ ఉండాలి, అయినా చేత్తో లాగితే సులువుగా కదలాలి. వేడెక్కిన చైన్ సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పని మధ్యలో బిగించిన చైన్‌ను పని ముగిశాక వదులు చేయకపోతే బార్‌కు, క్రాంక్ షాఫ్ట్‌కు హాని. పెట్రోలు నింపిన ప్రతిసారీ చైన్ ఆయిలు కూడా నింపాలి. లేత రంగు అట్టకు కొంచెం దూరంగా, తాకకుండా, బార్ కొన పట్టి ఇంజను వేగం పెంచితే సన్నని ఆయిలు చార పడాలి. పడకపోతే దారి ఎక్కడో మూసుకుపోయినట్టే.

ఎయిర్ ఫిల్టరును దులిపి, అవసరమైతే సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. మిశ్రమం 50:1 అని రాసి ఉంటే 5 లీటర్ల పెట్రోలుకు 100 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు కలపాలి. నెలల తరబడి వాడకుండా ఉంచేటట్లయితే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపాలి.

పళ్ళ మీద అరుగుదల గుర్తు దాకా వచ్చినా, గుర్తు లేని చైన్‌లో పంటి పైభాగం పొడవు 4 మి.మీ.కు తగ్గినా, ఎక్కడైనా పగులు కనిపించినా ఇక పదును పెట్టకుండా చైన్ మార్చాలి. అప్పుడే స్ప్రాకెట్‌ను, అంటే చైన్‌ను తిప్పే పళ్ళ చక్రాన్ని, కూడా పరిశీలించాలి. లోతుగా గాడిపడిన స్ప్రాకెట్ మీద వేసిన కొత్త చైన్ త్వరగా అరిగిపోతుంది.