పాత షెవర్లే కొనే ముందు అయస్కాంతం పట్టుకెళ్లండి

భీమవరంలో డెంటింగ్ షెడ్డు నడుపుతున్నవాడిగా చెబుతున్నాను: రీస్టోర్ చేసిన అమెరికన్ కారు కనబడితే మెరుపు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. మన ఉప్పుగాలి, చెరువుల తేమ రేకును లోపల్నుంచే తినేస్తాయి. పల్చటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని చక్రాల పైవంపుల దగ్గర, డోర్ల అడుగున ఆనించండి. పట్టు సడలిందంటే పెయింటు కింద పుట్టీ మందంగా ఉన్నట్టే. మ్యాట్ ఎత్తి ఫ్లోర్ రేకు కూడా తడిమి చూడండి, నీళ్లు నిలిచేది అక్కడే.

షెవర్లే కార్లకు 12 వోల్టుల కరెంటు 1955 మోడల్‌తో వచ్చింది, అంతకుముందువి 6 వోల్టులవి. ఏసీ పెట్టారంటే వైరింగ్ మొత్తం మార్చారా అని అడగండి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులుంటే నాకెంతో ధైర్యం. కాలవగట్టు రోడ్డు మీద ఎదురుగా ధాన్యం లారీ వస్తే వాటి విలువ తెలుస్తుంది. ఇంజిన్ మార్చి ఉంటే, ఆ నంబరు ఆర్‌సీలో ఎక్కిందని చూశాకే బేరం మొదలుపెట్టండి.